ఎర్ర కల్లం, ఐదు రోజులు

ఈ మధ్య టీ కప్పులు మరీ చిన్నవైపోయాయి. మా వీధి చివర బడ్డీలో ఇచ్చే కాగితం కప్పులో రెండు గుక్కలు పడతాయి. మూడో గుక్కకు కప్పు అంచు నోట్లోకి వస్తుంది. ఆ మాటే బడ్డీ ఆయనతో అన్నాను. అయితే రెండు తాగండి సార్ అన్నాడు. వ్యాపారం తెలిసిన మనిషి.

నాకు టీ పట్టింపు ఊరికే రాలేదు. ముప్ఫై ఏళ్లకు పైగా సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశాను. తెర మీద పేర్లు పడుతుండగా జనం చీకట్లో సీట్లు వెతుక్కుంటుంటారే, సరిగ్గా అప్పుడు పడే పేరు నాది. యూనిట్‌కి టీ, టిఫిను, బండ్లు, బస, ఊరి పెద్దల అనుమతి, అవసరాన్ని బట్టి పాములు పట్టే మనిషి, ఇవన్నీ సమకూర్చడం నా ఉద్యోగం. గుంటూరులో డిగ్రీ ఎకనామిక్స్‌తో చదివాను కాబట్టి డబ్బు ఎక్కడి నుంచి రాదో నాకు అందరికంటే ముందు తెలిసేది.

ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్నాను. కెమెరా కొనుక్కున్న పిల్లలు అప్పుడప్పుడు వస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: బయటివాళ్ల డబ్బు తీసుకుంటే మన సినిమా మన చేతిలో ఉంటుందా? ఉంటుందనే చెబుతాను, ధైర్యంగానే చెబుతాను. దాంతోపాటు నేను చేసిన ఆఖరి సినిమా సంగతి కూడా చెబుతాను. ఎందుకంటే ఆ సినిమాకి డబ్బు పెట్టినాయన వల్ల జరిగిన నష్టం కంటే నా వల్ల జరిగింది ఎక్కువ.

దర్శకురాలు కనిగిరి వైపు అమ్మాయి. ముప్ఫై ఏళ్లుంటాయి. హైదరాబాదులో అసిస్టెంటుగా ఉన్నప్పుడు పరిచయం, అప్పటి నుంచీ నన్ను బాబాయ్ అనేది. వాళ్లది మెట్ట. చిన్నప్పుడు కోతల కాలంలో వాళ్లమ్మతో కలిసి మా వైపు మిరప చేలకి వచ్చేదట. అమ్మ కోతకి, పిల్ల ఆ పక్కన నీడకి. ఏళ్ల తరబడి కల్లాల్లో కూర్చుని కాయ ఏరి ఏరి వాళ్లమ్మకు వాసనా ఘాటూ తెలియకుండా పోయాయి. పొయ్యి మీద కూర మాడుతున్నా పక్కింటివాళ్లు కేకేసి చెబితే తప్ప తెలియదట. డాక్టరుకు చూపించారా అని అడిగాను. వాసన రాకపోయినా కూలి ఆగదు కదా బాబాయ్ అంది.

ఆమె సినిమా అదే. తాలు ఏరే ఆడమనిషి కథ. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. ఎర్రకాయలోంచి దాన్ని ఏరి పక్కన కుప్ప పోస్తారు. ఆఖరి సీను ఇలా ఉంటుంది: కంటికి ఆనినంత మేర ఎర్ర కల్లం. నలభై మంది ఆడవాళ్లు ఏరుతుంటారు. ఘాటుకు ఒక్కొక్కరే దగ్గడం మొదలుపెడతారు. ముక్కు పోయిన మన కథలో ఆవిడ ఒక్కతే దగ్గదు. కాసేపటికి అటూ ఇటూ చూస్తుంది, తను ఒక్కతే ఊరుకుందని గమనిస్తుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గినట్టు నటిస్తుంది. ఏడు నిమిషాలు. ఒక్క మాట ఉండదు. నేను నా సర్వీసులో విన్న ఆఖరి సీన్లలో ఇంత మంచిది లేదు. మిగతావి ఎక్కువగా పెళ్లి భోజనాలతో ముగిసేవి.

ఆ వేషం వేసినావిడ నటి కాదు. చిలకలూరిపేటకు దగ్గర్లో ఒక ఊళ్లో కోతల ముఠాకి మేస్త్రి. ఏ రైతు చేనికి ఎప్పుడు ఎంతమందిని తీసుకెళ్లాలో చూసుకునే మనిషి. నటించడమంటే ఏం చెయ్యాలని అడిగింది. రోజూ చేసేదే చెయ్యమని చెప్పింది మా దర్శకురాలు. "మరి దానికి కూలి ఎక్కువెందుకిస్తన్నారు?" అంది. ఆ ప్రశ్నకి సినిమా రంగంలో ఇంతవరకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఇక డబ్బు. అమ్మాయి దాచుకున్నది సగం సినిమాకి సరిపోయింది. మిగతా సగానికి నేను తిరిగాను. పొన్నూరులో ఒక రైసుమిల్లు ఆయన కథంతా విని, కంటతడి కూడా పెట్టుకుని, మిరప బదులు వరి పెట్టకూడదా అని అడిగాడు. వేటపాలెంలో జీడిపప్పు వ్యాపారి, తన దగ్గర గింజలు కొట్టే ఆడవాళ్లకు కూడా చేతులు కాలతాయని, కావాలంటే వాళ్ల మీదే తీసుకోమని ఎంతో ఉదారంగా అన్నాడు. డబ్బు మాటెత్తేసరికి జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టి పంపించాడు. పప్పు బాగుంది.

మూడో మనిషి గుంటూరులో మిరప కమీషన్ వ్యాపారి. మిర్చి యార్డులో పెద్ద షాపు, ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీ. అమ్మాయి తనే వచ్చి చెబుతానంది. వద్దన్నాను. ఈ పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి వేరు, నాకు వదిలెయ్ అన్నాను. నా జీవితంలో చేసిన పెద్ద తప్పులన్నీ ఈ వాక్యంతోనే మొదలయ్యాయి.

ఆయన బల్ల మీద మిరపకాయలు కుప్పగా ఉన్నాయి. నేను కథ మొదలుపెట్టాను. ఆయన నా వైపు చూడకుండా ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, మధ్యకి విరిచి, పక్కన పడేశాడు. ఉలిక్కిపడ్డాను. కథ రుచించలేదన్నమాట. కల్లం మీద మంచి పాటొకటి ఉంటుందండి అన్నాను. అలాంటి ఆలోచన మా సినిమాలో ఎక్కడా లేదు. ఆయన రెండో కాయ విరిచాడు. చిన్న ఫైటు కూడా ఉందండి అన్నాను. మూడో కాయకు ఊళ్లో తిరునాళ్ల వచ్చింది. నాలుగో కాయ విరిచేసరికి మా తాలు ఏరే ఆవిడకు పోలీసుద్యోగం చేసే తమ్ముడొకడు పుట్టాడు. ఇంకో రెండు కాయలు విరిచి ఉంటే ఆ తమ్ముడికి కవలలు పుట్టేవారు. కానీ అక్కడితో ఆయన చేతులు దులుపుకుని, "సరే, కానివ్వండి" అన్నాడు.

చెక్కు తీసుకుని మెట్లు దిగుతుంటే నాకు అనిపించిందేమిటంటే, ఆ పాటే మనల్ని కాపాడిందని.

అమ్మాయితో ఏం చెప్పానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి బరువుగానే ఉంది. పెద్దాయన పాట కావాలన్నారమ్మా అని చెప్పాను. ఫైటూ తమ్ముడూ కూడా అడిగారని, నేనే ఎలాగో వదిలించానని కూడా చెప్పాను. పని జరగడం కోసం చిన్న అబద్ధం ఆడటం మా ఉద్యోగంలో టిఫిను పెట్టించడం లాంటిది, రోజూ ఉండేదే. ఆ అమ్మాయి "మీరు ఒప్పుకున్నాక ఇంకేముంది బాబాయ్, పాటే కదా" అంది. నా మీద నమ్మకంతో అంది.

కల్లం ఇచ్చిన రైతు మాకు ఐదు రోజులు గడువిచ్చాడు. ఆ తర్వాత కాయ బస్తాలకెత్తి యార్డుకి తోలేస్తానన్నాడు. ఐదు రోజుల్లో మూడు రోజులు ఆఖరి సీనుకి అని ముందు వేసుకున్న లెక్క. నలభై మందితో, పొద్దుటి ఎండలో మాత్రమే తియ్యాలి, రోజుకు రెండు గంటలే పని. పాట వచ్చేసరికి మొదటి రెండు రోజులు దానికి పోయాయి. డబ్బు పెట్టినాయనకు ముందు పాట ముక్క పంపిస్తే మనశ్శాంతిగా ఉంటుందని, దాన్ని ముందుకు జరిపింది కూడా నేనే. ఒంగోలు నుంచి డాన్సు మాస్టరు, గుంటూరు నుంచి పన్నెండు మంది అమ్మాయిలు వచ్చారు. ఘాటుకు వాళ్లు మొదటి చరణం నుంచీ ఏడుస్తూనే ఆడారు. ప్రేమ పాట కాబట్టి అతికింది. మా కెమెరామన్ పెళ్లి వీడియోలు తీసిన అనుభవం ఉన్నవాడు, తడిగుడ్డ ముఖానికి చుట్టుకుని, ఏ పెళ్లిలోనూ ఇంత ఏడుపు చూడలేదన్నాడు. కోతల ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని ఇదంతా చూశారు.

మూడో రోజు పొద్దున మేం వెళ్లేసరికి కల్లం ఖాళీ. నల్లటి పట్టాలు, వాటి మీద గింజలు, మూలన తాలు కుప్ప. యార్డులో రేటు ఒక్కసారిగా పెరిగిందని ఫోను వచ్చిందట. రైతు తెల్లవారకముందే హమాలీ ముఠాల్ని పెట్టి ఎత్తించేశాడు. మా గడువు గుర్తుచేశాను. ఆయన తప్పు చేసినట్టు కూడా లేడు. "సినిమా రేపైనా తీసుకోవచ్చు సార్. రేటు రేపుంటదా?" అన్నాడు. ఎకనామిక్స్ చదివినవాణ్ణి, కాదనలేకపోయాను.

నాకు తెలిసిన ముగ్గురు రైతులకు ఫోన్లు చేశాను. ముగ్గురూ యార్డులోనే ఉన్నారు. అప్పుడు నాకో గొప్ప ఆలోచన వచ్చింది. కాయ ఎవరి దగ్గరుంది? మన పెద్దాయన గోడౌన్లో. ఆయన పెట్టుబడి పెట్టిన సినిమాకి ఆయన కాయ ఒక్కరోజు పరిస్తే ఏం పోతుంది? ఈసారి అమ్మాయి నన్ను ఒంటరిగా పంపలేదు.

ఆ రోజు షాపులో జరిగింది నేను ఎవరికి చెప్పినా పూర్తిగానే చెబుతాను. పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి, పని ఎంతవరకు వచ్చిందని అడిగాడు. అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. మీరు అడిగిన పాట కోసం రెండు రోజులు పోయాయండి, మిగిలిన రోజులకి కాయ లేకుండా పోయింది అంది. నింద వేసినట్టు కాదు, వివరంగా చెప్పినట్టే చెప్పింది.

ఆయన కళ్లజోడు తీశాడు.

"ఏమయ్యా మేనేజరూ, నేను పాటడిగానా?"

"అడగలేదండి."

"మరి?"

"కథ చెబుతుంటే మీరు కాయలు విరిచి పారేస్తున్నారు. నచ్చలేదేమో అనుకున్నాను."

"పొద్దున్నే వచ్చిన శాంపిలయ్యా అది. చెమ్మ ఉందో లేదో చూస్తన్నా. చెవులు నీకే ఇచ్చాగా."

అమ్మాయి నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే బాగుండేది.

అప్పుడు ఆయన ఆఖరి సీను ఏమిటో అమ్మాయినే చెప్పమన్నాడు. చెప్పింది. ఆ వేళ బల్ల మీద కాయలు ఉన్నా ఒక్కటీ ముట్టలేదు. విన్నంతసేపు విని, బాగుందమ్మా అన్నాడు. యాభై టిక్కీలు, అంటే యాభై బస్తాలు, ఎల్లుండి పొద్దునకల్లా కల్లంలో పోయిస్తానని, సాయంత్రానికి ఎత్తించుకుంటానని, ఎండకు రంగు కాస్త దిగినా ఆ నష్టం తను పడతానని చెప్పాడు. నేను లేచి దణ్ణం పెట్టబోయాను. ఆయన చేత్తో ఆగమన్నాడు.

"ఒక్కటే మాటమ్మా. ఆవిడకి ముక్కు మిరప వల్ల పోయిందనొద్దు. కరోనా వల్ల పోయిందని పెట్టు. ఎంతమందికి పోలా?"

సినిమాలో కారణం ఎక్కడా చెప్పడం లేదని అమ్మాయి అంది. చెప్పకపోతే చూసినవాళ్లు మిరపే అనుకుంటారని ఆయన అన్నాడు. ఆయన మాటలో అన్యాయం లేదు. నలభై ఏళ్లుగా ఆ కాయ మీద బతికిన మనిషి. ఆయన డబ్బుతో, ఆయన కాయతో, ఆయన కాయ మీదే నేరం మోపుతున్నాం. ఒక్క డైలాగు, అది కూడా వెనక నుంచి ఎవరో అన్నట్టు వస్తే చాలన్నాడు. నేను ముప్ఫై ఏళ్లలో ఇంతకంటే చవగ్గా ఏ నిర్మాతా లొంగడం చూడలేదు. బల్ల కింద నుంచి అమ్మాయి కాలు తొక్కాను. ఒప్పుకోమని.

ఆమె కాలు పక్కకి తీసుకుని నిదానంగా చెప్పింది. "కరోనా అని పెడితే అది ఆవిడొక్కదాని జబ్బు అవుతుందండి. ఇది ఒక్కావిడ సంగతి కాదు."

వాళ్లమ్మ మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తితే ఆయన కరిగేవాడేమో. అలా కరిగించడం ఆమెకి ఇష్టం లేదని నాకు అప్పుడు అర్థమైంది.

పెద్దాయన కళ్లజోడు పెట్టుకున్నాడు. "అయితే సినిమా నీ ఇష్టం వచ్చినట్టు తీసుకోమ్మా, ఇచ్చిన డబ్బు జోలికి నేను రాను. నా కాయ మాత్రం పొయ్యను" అన్నాడు. మజ్జిగ తెప్పించాడు. తాగి లేచాం.

ఏటుకూరు రోడ్డులో ఒక టీ కొట్టు దగ్గర బండి ఆపమంది. టీ చెప్పి, తాగకుండా పట్టుకుని నిలబడింది. తిడుతుందని ఎదురుచూశాను, తిట్టించుకోవడానికి కావలసిన అనుభవం నాకు బాగానే ఉంది. తిట్టలేదు.

"బాబాయ్, ఇంకెప్పుడూ నా తరఫున మీరు భయపడొద్దు" అంది.

అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. నాకు ఇచ్చే మర్యాదలోనూ తేడా రాలేదు. బండిలో మాత్రం ముందు సీట్లో కూర్చోవడం మానేసి వెనక్కి వెళ్లింది.

రెండు రోజుల తర్వాత అదే ఖాళీ కల్లంలో ఆఖరి సీను తీశాం. మూలన ఉన్న తాలు కుప్పను ఎవరూ అడగలేదు కాబట్టి అదే పరిపించాం. నలభై మందికి అది చాలదు. పన్నెండు మందిని పెట్టాం. ఎరుపన్నది ఎక్కడా లేదు, ఎండుగడ్డి రంగు కాయ, నల్ల పట్టాలు, తెల్లటి ఎండ. తాలుకి ఘాటు తక్కువనుకున్నాం గానీ దుమ్ముతోపాటు ఘాటూ లేచేసరికి అందరూ దగ్గారు. కెమెరామన్ దగ్గాడు. నేను దగ్గాను. మేస్త్రి ఒక్కతే తన పాటికి తను ఏరుకుంటూ కూర్చుంది. తర్వాత అటూ ఇటూ చూసి, కొంగు నోటికి పెట్టుకుని, దొంగ దగ్గు దగ్గింది. మొదటిసారికే అయిపోయింది. నటన ఎక్కడ నేర్చుకున్నావని తర్వాత అడిగాను. ఇదేమన్నా కొత్తా, రోజూ అందరితోపాటు ఇట్టాగే దగ్గుతూనే ఉంటాగా అంది. అప్పటిదాకా ఆమెకి వాసన తెలుస్తుందనే మేం అనుకుంటున్నాం.

పాటని ఎడిటింగులో తీసేశాం. ఫైటూ తమ్ముడూ ఎలాగూ నా నోట్లోనే పుట్టి నా నోట్లోనే పోయారు. పెద్దాయన మాట తప్పలేదు. ఒక్కసారి కూడా ఫోను చేసి ఎంతవరకు వచ్చిందని అడగలేదు. సినిమా చూడటానికి రమ్మంటే మాత్రం రాలేదు. ఆయనంటే నాకు గౌరవం ఉంది. డబ్బు పెట్టేవాడికి ఒక భయం ఉంటుంది, అది అతని నోటితోనే చెప్పనివ్వాలి. మనం ఊహించుకున్న భయానికి ముందే మందు తాగితే ఇలా పాటలు తీయాల్సి వస్తుంది. తన సినిమాలో అమ్మకూడని వాక్యం ఏదో దర్శకుడికి తెలిసి ఉంటే, బయటి డబ్బు వల్ల భయం లేదు. ఇంటికొచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇదే, ఇందులో నాకు అనుమానం లేదు.

సినిమా ఒకటి రెండు చిత్రోత్సవాలకి వెళ్లివచ్చింది, నాలుగు మంచి మాటలు మూటగట్టుకుంది. గుంటూరులో ఒక కాలేజీ వాళ్లు ఒక మధ్యాహ్నం వేస్తామన్నారు. మేస్త్రిని, ఆమె ముఠాని బండి పెట్టి తీసుకొచ్చాను. అది నా ఉద్యోగంలో ఆఖరి బండి. ఆమె తనని తాను తెర మీద చూసుకుని, చీర ఇంకోటి కట్టుకోవాల్సింది అని మాత్రం పక్కావిడతో అంది.

సినిమా అయ్యాక తెలుగు లెక్చరరు ఒకాయన మైకు పట్టుకున్నాడు. ఆ ఆఖరి సీనులో ఎర్రదనం లేకపోవడమే ఈ చిత్రానికి ప్రాణమన్నాడు. శ్రమ మనిషిలోని రంగునంతా పీల్చేశాక మిగిలిన పాలిపోయిన బతుకుకు అది ప్రతీక అన్నాడు. ఇంత నిబ్బరం ఉన్న దర్శకులు అరుదన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అమ్మాయి నాకు కుడి పక్కన కూర్చుని ఒళ్లో చేతులు చూసుకుంటోంది. నేను కూడా కొట్టాను. కల్లం పోయిన రోజు నుంచి మోస్తున్న బరువు ఆ చప్పట్లలో కాస్త తగ్గినట్టనిపించింది. నా తప్పు ప్రతీక అయిందంటే మాటలా.

మేస్త్రి ఎడమ పక్క నుంచి నా మోచెయ్యి తట్టి, ఆయనేమంటన్నాడని అడిగింది. ఎర్రకాయ బదులు తాలు పెట్టి తియ్యడం గొప్పగా ఉందంటున్నాడని చెప్పాను.

"కావాలనే పెట్టారా?"

లేదని, ఎంత తిరిగినా ఎర్రకాయ దొరక్క అలా తీశామని, గుంటూరు పెద్దాయన దాకా వెళ్లివచ్చామని చెప్పాను.

ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది. గొంతు తగ్గించే అలవాటు లేని మనిషి, ముందు రెండు వరసలకీ వినపడింది.

"పక్కూళ్లో మా ఆడబిడ్డోళ్ల కల్లంలో ఆ ఏడు ఉగాది దాకా ఎర్రగానే ఉందిగా కాయ. ఊరూరా కోతలు కోయించేదాన్ని పక్కనే పెట్టుకుని, నన్నొక్క మాటన్నా అడిగావా అన్నా?"